రోమన్ గోడ కోసం వెళ్తే మధ్యయుగపు మట్టి తవ్వమన్నారు: ఎందుకు?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "ఈ వేసవిలో ఇటలీలో ఒక రోమన్ విల్లా (పల్లెలోని పెద్ద భవంతి) తవ్వకానికి వాలంటీర్‌గా వెళ్తున్నాను. రోమన్లు పోయాక మధ్యయుగంలో కూడా అక్కడ జనం ఉన్నారట. మా బ్యాచ్‌కి ఈ సీజన్ అంతా మధ్యయుగపు పొరల్లోనే పని అన్నారు. మొజాయిక్ నేలలు, రోమన్ గోడలు చూద్దామని ఆశపడ్డాను. పై పొరలు త్వరగా తీసేసి కిందికి వెళ్ళకూడదా? అసలు ఏ పొర ఏ కాలానిదో ఎలా తెలుస్తుంది?"

వెళ్ళకూడదు. పై పొరలు హడావుడిగా తీసేస్తే పోయేది మధ్యయుగం ఒక్కటే కాదు, కింద ఉన్న రోమన్ కట్టడం కూడా అర్థం కాకుండా పోతుంది. ఇటలీలో, ఇంగ్లండ్‌లో చాలా ఏళ్ళుగా ఇలాంటి చోట్లే పనిచేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

చాలామంది ఊహలో కింద రోమన్ పొర ఉంటుంది, దాని మీద మట్టి పేరుకుంటుంది, ఆ మట్టి మీద మధ్యయుగపు పొర వస్తుంది. మళ్ళీ వాడుకున్న చోట అలా ఉండదు. తర్వాత వచ్చినవాళ్ళు రోమన్ గోడల మధ్యే కాపురం పెట్టారు. నేలను పగలగొట్టి గుంజలు పాతారు, ధాన్యం గాదెలు తవ్వారు, చనిపోయినవాళ్ళను గదుల్లోనే పూడ్చారు. రాయి కావాల్సివస్తే పునాదిదాకా తవ్వి పట్టుకెళ్ళారు. అందుకని 10వ శతాబ్దపు గుంత అడుగు 1వ శతాబ్దపు నేల కంటే మీటరు కిందికి ఉండొచ్చు. ఎంత లోతులో దొరికింది అన్నదాన్ని బట్టి కాలం చెప్పలేం. ఏది దేన్ని కోసుకుంటూ వెళ్ళింది, ఏది దేని మీద కూర్చుంది అన్నదే లెక్క. తవ్వకాల్లో రోజూ వాడే హారిస్ మేట్రిక్స్ అనే పటం ఇందుకోసమే. ఎడ్వర్డ్ హారిస్ దాన్ని 1973లో ఇంగ్లండ్‌లోని వించెస్టర్ తవ్వకాల రికార్డులతో కుస్తీ పడుతూ తయారుచేశాడు. అందులో మట్టి పొరకు ఒక నంబరు ఇస్తే, ఆ మట్టి పడకముందు తవ్విన గుంతకు ఇంకో నంబరు. గుంత అంటే ఖాళీయే కదా, దానికి నంబరేంటి అని మొదట్లో అందరికీ అనిపిస్తుంది. కానీ ఎవరో ఒకరు ఒక రోజు పలుగు పట్టుకుని చేసిన పని అది. దాన్ని రాసుకోకపోతే ఆ పని జరగనట్టే అవుతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. ఒక విల్లాలో నాకు అప్పగించిన చోట ఎడమవైపు తెల్లరాళ్ళ మొజాయిక్, కుడివైపు ఇటుక పొడి కలిపిన ఎర్రటి గారా నేల. రెండూ ఒకే గీత దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయాయి. వాటి మధ్య రెండడుగుల వెడల్పున తిన్నగా సాగిన వదులు మట్టి. ట్రోవెల్‌తో (చిన్న తాపీతో) గీస్తే నేల మీద గరగరలాడుతుంది, ఈ పట్టీలోకి వచ్చేసరికి చప్పుడు లేకుండా దిగిపోతుంది. మట్టి నిండా గోరంత సున్నపు ముక్కలు, విరిగిన పైకప్పు పెంకులు, గుప్పిట్లో పట్టే రాళ్ళు. గోడకు పనికొచ్చే రాయి మాత్రం ఒక్కటి కూడా లేదు. అడుగుకు చేరాక గట్టి గారా తగిలింది, దాని మీద రాళ్ళు కూర్చున్న అచ్చులు వరసగా కనిపించాయి. అక్కడ గోడ ఉండేది. దాన్ని రాయి రాయిగా పీకి, పనికిరానిదంతా మళ్ళీ ఆ గాడిలోకే నెట్టేశారు. ఇంగ్లిష్‌లో రాబర్ ట్రెంచ్ అంటారు దీన్ని.

ఆ గాడి అడుగున, అచ్చుల మీదే, పచ్చటి మెరుపు పూత ఉన్న కూజా పెంకు ఒకటి దొరికింది. రోమ్ చుట్టుపక్కల ఆ రకం పూత 8వ శతాబ్దం చివర్లో గానీ మొదలవలేదు. కాబట్టి ఆ గోడ అప్పటిదాకా నిలబడే ఉంది, ఆ తర్వాతే ఊడదీశారు. పై మట్టిని పారలతో ఎత్తిపోసి ఉంటే మాకు రెండు నేలలు, మధ్యలో ఒక సందు మిగిలేవి. ఆ గదికి గోడ ఎంత మందం, ఎంతకాలం నిలిచింది అన్నవి పూర్తిగా రోమన్ ప్రశ్నలే. వాటి జవాబు మాత్రం మధ్యయుగపు గాడిలో దొరికింది.

ఇక ఈ విషయంలో మా తరం మొత్తానికి పాఠం నేర్పిన చోటు రోమ్ నడిబొడ్డున ఉన్న క్రిప్టా బాల్బి. మీరు ఇటలీ వెళ్తున్నారు కాబట్టి దీని గురించి తెలుసుకుని వెళ్ళండి.

స్పెయిన్‌లోని గాదెస్, అంటే ఇప్పటి కాదిజ్, నుంచి వచ్చిన లూసియస్ కార్నేలియస్ బాల్బస్ అనే సేనాని క్రీ.పూ. 13లో రోమ్‌లో ఒక నాటకశాల ప్రారంభించాడు. ఆ రోజు టైబర్ నదికి వరద వచ్చి, తన నాటకశాలలోకి తనే పడవ మీద వెళ్ళాల్సి వచ్చిందని రోమన్ చరిత్రకారుడు కాసియస్ డియో రాశాడు. రంగస్థలం వెనక, చుట్టూ కప్పున్న నడవాలతో ఒక పెద్ద ఆవరణ ఉండేది. దాన్నే క్రిప్టా అన్నారు. తూర్పు వైపు అర్ధచంద్రాకారంలో ముందుకు పొడుచుకొచ్చిన భాగం ఒకటి ఉంది, దాన్ని ఎక్సెడ్రా అంటారు. క్రీ.శ. 80లో రోమ్‌లో చెలరేగిన పెద్ద అగ్నిప్రమాదంలో ఈ కట్టడం దెబ్బతింది, తర్వాత బాగుచేశారు. 2వ శతాబ్దంలో, హాడ్రియన్ చక్రవర్తి కాలంలో, ఎక్సెడ్రాను పెద్ద పబ్లిక్ మరుగుదొడ్డిగా మార్చారు. కట్టిన పని ఒకటి, వాడిన పని ఇంకొకటి అన్నది రోమన్ల కాలంలోనే మొదలైంది.

తర్వాత వందల ఏళ్ళు ఇదేం కట్టడమో జనం మర్చిపోయారు. ఆ చుట్టుపక్కల కనిపించే కమానులను పండితులు కూడా ఫ్లామినియస్ సర్కస్ అనే పాత ఆటల మైదానం శిథిలాలనే అనుకునేవారు. 1960లో గుల్యెల్మో గత్తి, 3వ శతాబ్దం తొలినాళ్ళలో పాలరాతి పలకల మీద చెక్కిన రోమ్ నగర పటం ముక్కలను సరిగ్గా జతచేసి, ఇది బాల్బస్ నాటకశాల, దాని క్రిప్టా అని తేల్చాడు. పురాతత్వంలో నాకు బాగా ఇష్టమైన పనుల్లో ఇదొకటి. పార పట్టకుండా, రాతిముక్కలతో నగరం పటాన్నే సరిదిద్దాడు.

ఇరవై ఏళ్ళ తర్వాత, 1981లో, దానియేలే మనకొర్దా నాయకత్వంలో తవ్వకం మొదలైంది. అప్పటికి పైన ఉన్నది 16వ శతాబ్దంలో నిరుపేద ఆడపిల్లల కోసం నడిపిన ఒక ఆశ్రమం శిథిలాలు. జెస్యూట్ సంఘం స్థాపకుడు ఇగ్నేషియస్ లొయోలా పూనికతో మొదలైన ఆశ్రమం అది, ముస్సోలినీ కాలంలో చాలా భాగం కూలగొట్టారు. బృందం తీసుకున్న నిర్ణయం అప్పటికి కొత్త: రోమన్ కట్టడం కోసం తొందరపడకుండా, 20వ శతాబ్దం నుంచి కిందికి ప్రతి కాలాన్నీ ఒకే శ్రద్ధతో తవ్వడం. నివేదికల్లో రెండో సంపుటం మొత్తం 18వ శతాబ్దపు ఒక చెత్తగుంట గురించే. రోమన్ నాటకశాల కోసం ఎదురుచూస్తున్నవాళ్ళ చేతికి ఆశ్రమంలో పగిలిన కంచాల మీద ఒక పుస్తకం వచ్చింది. ఆ ఓపిక వల్లే తర్వాతి కథ బయటపడింది.

ఎక్సెడ్రాలో 7వ శతాబ్దపు చెత్త మేటలుగా దొరికింది. ఏదో ఇంటి చెత్త కాదది, ఒక వర్క్‌షాప్ నుంచి పారబోసింది. బెల్టు బకిల్స్, వాటి అచ్చులు, కొమ్ము, దంతం, ఎముక ముక్కలు, గాజు, రంగురాళ్ళు, సగం చేసి వదిలేసిన నగలు, పనిముట్లు, సీసపు ముద్రలు. వందల కొద్దీ చిన్న కంచు నాణేలు కూడా దొరికాయి. వాటిని బట్టి ఈ చెత్త పడటం క్రీ.శ. 690 ప్రాంతంలో ఆగిందని తేలింది. పక్కనే ఉన్న సాన్ లొరెంజో ఇన్ పల్లాచినిస్ మఠానికి ఈ వర్క్‌షాప్‌తో సంబంధం ఉందని తవ్వినవాళ్ళ అభిప్రాయం.

ఇది ఎందుకంత పెద్ద విషయమంటే, 7వ శతాబ్దపు రోమ్ అంటే చచ్చిపోయిన నగరం అన్నట్టే రాసేవారు. ఈ చెత్తలో ఉత్తర ఆఫ్రికా, పాలస్తీనా, ఏజియన్ తీరాల నుంచి నూనె, ద్రాక్షసారా తెచ్చిన ఆంఫొరా కూజాలు కుప్పలుగా ఉన్నాయి. అంటే 690 నాటికి కూడా ఓడలు వస్తూనే ఉన్నాయి, రోమ్‌లో కొనేవాళ్ళు ఉన్నారు, అమ్మడానికి సరుకు తయారుచేసేవాళ్ళూ ఉన్నారు. ఇంకో సంగతి కూడా బయటపడింది. 6వ శతాబ్దంలో ఇటలీని ఆక్రమించిన లాంగొబార్డ్‌లు అనే జర్మానిక్ తెగవాళ్ళ సమాధుల్లో దొరికే బకిల్స్, నగలు వాళ్ళే తమ పద్ధతిలో చేసుకున్నారని అనుకునేవారు. అదే రకం వస్తువులు ఇక్కడ, వాళ్ళ శత్రువుల నగరంలో, తయారవుతూ కనిపించాయి. సమాధిలో దొరికిన బకిల్‌ను చూసి ఇతను ఫలానా జాతివాడు అని తేల్చేసే అలవాటుకు పెద్ద దెబ్బ పడింది.

అదే చోట 8వ శతాబ్దపు పొరల్లోకి వస్తే ఆఫ్రికా, తూర్పు దేశాల కూజాలు దాదాపు కనిపించవు. దక్షిణ ఇటలీ, సిసిలీ సరుకు మాత్రమే కొద్దిగా ఉంది. 698లో ఉత్తర ఆఫ్రికాలోని పెద్ద రేవు కార్తేజ్ అరబ్బుల చేతికి వెళ్ళింది. వ్యాపారం ఆగడానికి అదొక్కటే కారణం అనను, కానీ ప్రాచీన మధ్యధరా వ్యాపారం రోమ్‌లో ఎప్పుడు ఆగిందో ఇంత దగ్గరగా చూపించిన చోటు ఇంకోటి దొరకడం కష్టం. రోమన్ చరిత్రకు సంబంధించిన ఇంత పెద్ద ప్రశ్నకు జవాబు, పాత తరం పారలు ఎత్తి పారబోసే మట్టిలో ఉంది.

8వ శతాబ్దంలోనే ఎక్సెడ్రాలో సున్నం బట్టీ పెట్టారు. బట్టీ తవ్వడం నేర్చుకోవాల్సిన పని. గోడలు లోపలివైపు ఎర్రగా కాలి, ఒక్కోచోట గాజులా కరిగి మెరుస్తాయి. అడుగున బూడిద, బొగ్గు, దాని మీద తెల్లటి సున్నం గట్టిపడి ఉంటుంది. అప్పుడప్పుడూ సగం కాలిన పాలరాయి దొరుకుతుంది, ఒక వైపు పిండిలా రాలిపోతుంది, ఇంకో వైపు చెక్కిన ఆకో, అక్షరమో ఇంకా కనిపిస్తుంది. పాలరాయిని దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోయి సున్నం మిగులుతుంది. వంద కిలోల శుద్ధమైన పాలరాయికి వచ్చేది 56 కిలోలే. ఒక చర్చి గోడకు కావాల్సిన గారాకు ఎన్ని శాసనాలు, ఎన్ని స్తంభాల తలలు బట్టీలోకి వెళ్ళాయో ఊహించండి. ఆ ప్రాంతం మొత్తం మధ్యయుగపు పత్రాల్లో సున్నం కాల్చేవాళ్ళ పేటగానే నమోదైంది.

మనకు ఇది కొత్త కాదు. అమరావతి స్తూపాన్ని కాలిన్ మెకంజీ 1797లో మొదటిసారి చూసి, 1816లో మళ్ళీ వచ్చేసరికి చాలా శిల్పఫలకాలు మాయమయ్యాయి. కొన్ని కొత్త కట్టడాల్లోకి వెళ్ళాయి, కొన్ని సున్నం బట్టీల పాలయ్యాయి. అమరావతి పేరెత్తితే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది. కానీ ట్రెంచ్‌లో (తవ్వే గుంతలో) నిలబడినప్పుడు ఆ బాధను పక్కన పెట్టాలి. బట్టీ పెట్టినవాళ్ళు ఏం కట్టడానికి సున్నం కాల్చారు, కట్టెలు ఎక్కడివి, ఎన్నిసార్లు కాల్చారు అన్నవన్నీ ఆ బూడిద పొరల్లో ఉంటాయి. వాళ్ళను విధ్వంసకులు అని తిట్టుకుంటూ తవ్వితే బూడిదను సరిగ్గా చూడం.

ఆ తర్వాత కూడా క్రిప్టా గోడలు ఖాళీగా లేవు. ఆవరణలో సాంతా మరియా దొమినే రోజే చర్చి వచ్చింది. వీధి వైపు వర్తకుల ఇళ్ళు పాత గోడలకే ఆనించి లేచాయి. పొడవైన ఆవరణల పక్కన తాళ్ళు పేనేవాళ్ళు స్థిరపడ్డారు, ఆ పనికి తిన్నగా సాగే జాగా కావాలి కదా. 2000లో అక్కడ మ్యూజియం తెరిచినప్పుడు రోమన్ కట్టడం ఒక్కటే కాకుండా ఈ కథంతా చూపించారు. మీరు వెళ్ళేసరికి తెరిచి ఉందో లేదో ముందే కనుక్కోండి, పాతబడిన భవనాల సముదాయం కాబట్టి పనులు జరుగుతుంటాయి.

దీనికి పూర్తిగా ఉల్టా జరిగిన చోట్లు చాలా ఉన్నాయి. ఫ్రాన్స్‌లోని ఆర్ల్‌లో రోమన్ ఆంఫీథియేటర్ మధ్యయుగంలో కోటగా, తర్వాత చిన్న ఊరుగా మారింది. లోపల రెండు వందలకు పైగా ఇళ్ళు, రెండు చర్చిలు ఉండేవి. 19వ శతాబ్దంలో అన్నిటినీ తీసేసి రోమన్ గుండ్రం బయటపెట్టారు. మధ్యయుగానికి సాక్ష్యంగా ఇప్పుడు మూడు బురుజులే మిగిలాయి. రోమ్‌లో 1930లలో ఫోరమ్‌ల (ప్రాచీన నగర కూడళ్ళ) మీదుగా కవాతు రోడ్డు వేయడానికి వెలియా గుట్టను తవ్వి ఎత్తిపోశారు, సరైన రికార్డు లేకుండానే. 1990లలో పక్కనే నెర్వా ఫోరమ్‌లో జాగ్రత్తగా తవ్వితే 9వ శతాబ్దపు పెద్దింటివాళ్ళ రాతి ఇళ్ళు బయటపడ్డాయి. 1930లలో ఎత్తిపోసిన మట్టిలో ఇలాంటివి ఎన్ని ఇళ్ళు పోయాయో ఇప్పుడు చెప్పగలిగేవాళ్ళు లేరు.

అయితే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మధ్యయుగం మీద ప్రేమతో లేనిది చూసే ప్రమాదం ఉంది. ఇంగ్లండ్‌లోని రాక్సెటర్‌లో ఫిలిప్ బార్కర్ 1966 నుంచి 1990 దాకా రోమన్ స్నానశాలల బసిలికా (పెద్ద హాలు) మీద పరుచుకున్న రాతి ముక్కల పొరను చేత్తో, బ్రష్‌తో, అసాధారణమైన ఓపికతో శుభ్రం చేశాడు. ఆ రాళ్ళ అమరికను బట్టి, రోమన్ పాలన పోయాక కూడా అక్కడ పెద్ద పెద్ద చెక్క భవనాలు లేచాయని చెప్పాడు. నిన్నమొన్నటిదాకా పాఠ్యపుస్తకాల్లో అదే ఉంది. 2014లో అలన్ లేన్ అదే రికార్డులను మళ్ళీ చదివి, ఆ భవనాలకు సాక్ష్యం చాలా బలహీనం అన్నాడు. నా మటుకు నాకు లేన్ వాదనే సబబుగా అనిపిస్తుంది. కానీ బార్కర్ అంత వివరంగా రాయి రాయినీ గీసి పెట్టబట్టే లేన్ విభేదించగలిగాడు. మీ డ్రాయింగ్‌లు అలా ఉండాలి. మీ అభిప్రాయం తప్పని రేపు ఎవరైనా మీ కాగితాలతోనే నిరూపించగలగాలి.

ఏ పొర ఏ కాలానిది అన్నదానికి వస్తాను. ఇలాంటి చోట మధ్యయుగపు పొరలో దొరికే పెంకుల్లో ఎక్కువ భాగం రోమన్‌వే ఉంటాయి. పాత నేలను తవ్వినప్పుడల్లా అవి పైకి వచ్చేస్తాయి. బుట్టలో తొంభై రోమన్ పెంకులు, మూడు మధ్యయుగపు పెంకులు ఉంటే ఆ పొర మధ్యయుగానిదే. పొరలో అన్నిటికంటే ఆలస్యంగా తయారైన వస్తువు ఏదో, ఆ పొర దాని తర్వాతే పడింది. మెజారిటీ ఓటు ఇక్కడ చెల్లదు. అందుకే ఆ మూడు పెంకులు నిజంగా ఆ పొరవేనా, ఎలుక బొరియలోంచి జారినవా, పక్క గుంతలోంచి మీ ట్రోవెల్‌తో వచ్చినవా అన్నది ప్రాణం. అనుమానం ఉంటే అప్పుడే, బురద చేతులతోనే, షీట్‌లో రాయండి. సాయంత్రానికి అనుమానం పోయి ధీమా మిగులుతుంది.

నాణేలతో ఇంకో తంటా. రోమన్ కంచు నాణేలు వందల ఏళ్ళు చేతులు మారాయి, కొన్నిటిని తర్వాతి కాలంలో ముక్కలు చేసి చిల్లరగా కూడా వాడారు. నాణెం మీది చక్రవర్తి మీకు పొర తేదీ చెప్పడు, దానికి ముందు కాలేదని మాత్రం చెప్తాడు.

నల్లమట్టి వస్తే భయపడకండి, విసుక్కోకండి. రోమన్, మధ్యయుగపు పొరల మధ్య కొన్నిచోట్ల మందంగా, ఒకే రంగులో నల్లటి మట్టి ఉంటుంది. లండన్‌లో దీన్ని ఎప్పుడో గుర్తించారు. జనం వదిలేసి వెళ్ళాక పేరుకున్న మట్టి అని చాలాకాలం వదిలేశారు. రిచర్డ్ మాక్‌ఫెయిల్ లాంటివాళ్ళు ఆ మట్టిని పలచటి పలకలుగా కోసి మైక్రోస్కోపు కింద చూస్తే కుళ్ళిన చెక్క, మట్టిగోడల ఇళ్ళు, పేడ, పొయ్యి బూడిద, వంటింటి చెత్త కనిపించాయి. వానపాములు అన్నిటినీ కలిపేయడం వల్ల కంటికి ఒకే మట్టిలా కనిపిస్తుంది. మీ విల్లాలో అది వస్తే పారకు పని చెప్పే ముందు శాంపిల్ తీశారో లేదో సూపర్‌వైజర్‌ని అడగండి. వాలంటీర్ అడిగితే ఎవరూ తప్పుపట్టరు.

చివరిగా పని సంగతి. వెళ్ళిన మొదటి రోజే రెండు చూపించమనండి. గత సీజన్ల మేట్రిక్స్ ఒకటి, ఆ చోట దొరికే మధ్యయుగపు పెంకుల రకాలు పెట్టిన ట్రే ఇంకొకటి. ట్రేలో ప్రతి పెంకునూ చేత్తో పట్టుకుని అంచు, పూత, విరిగిన చోట రంగు చూడండి. రోమన్ పెంకులు మీకు వారంలో అలవాటైపోతాయి, వాటికి ప్రత్యేకంగా కష్టపడక్కర్లేదు. మధ్యయుగపు వంట కుండలు ముతకగా, మసిపట్టి, మట్టిలో కలిసిపోయి ఉంటాయి. బుట్టలోకి రాకుండా మట్టికుప్పలోకి పోయేవి అవే. తడి మట్టి రోజుల్లో జల్లెడ పట్టడానికి బద్ధకించకండి. మోకాళ్ళ కింద వేసుకునే ప్యాడ్ ఇక్కడే కొనుక్కెళ్ళండి, నాలుగు అంగుళాల ట్రోవెల్ మాత్రం అక్కడ కొనండి, ఎందుకంటే మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే తాపీ రేకు వంగిపోతుంది.

మొజాయిక్ ఈ సీజన్‌లో కనిపించకపోవచ్చు. మీ ట్రెంచ్‌లో గుంజల గుంతలు వస్తే వాటి కొలతలు, వాటి మధ్య దూరాలు రాసి ఇక్కడ పెట్టండి, ఏ రకం ఇల్లు అయ్యుంటుందో కలిసి చూద్దాం.